పుట్టింటి బీరు, పరాయి ఊరి ఫ్రిజ్జు

(బెంగళూరులో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇక్కడ బీరు పోయడం లేదు, మాటలే. కాబట్టి తొందరేమీ లేదు. (నవ్వులు)

బెంగళూరులో నలుగురు తెలుగువాళ్లు కూర్చున్న చోట బీరు మాట వచ్చిందంటే మూడు ఫిర్యాదులు వినపడతాయి. మ్యూనిక్‌లోనో లండన్‌లోనో నాలుగేళ్లు ఉండి వచ్చినవాళ్లు, ‘అక్కడ తాగిన బీరే ఇక్కడ మూడింతల ధర పెట్టి కొన్నా ఆ రుచి రావట్లేదు’ అంటారు. బ్రిటన్‌లో ఉన్న తమ్ముడు ఫోన్ చేసి, ‘అన్నయ్యా, ఇక్కడ దొరికే కింగ్‌ఫిషర్ మన కేఎఫ్‌లా లేదు, వచ్చేటప్పుడు నాలుగు పట్టుకురా’ అంటాడు. హైదరాబాదు నుంచి వచ్చి మారతహళ్లిలో స్థిరపడ్డవాళ్లేమో, ‘ఒకే బ్రాండు, మన దగ్గర ఒకలా, ఇక్కడ ఇంకోలా’ అంటారు. ముగ్గురూ నీళ్ల మీదో కల్తీ మీదో నెట్టేస్తారు. నా లెక్కలో వాటికంటే ముందు పట్టుకోవాల్సిన దొంగ వేరు. వేడి. దానికి తోడుదొంగలు వెలుతురు, గాలి.

మనం బీరును ఆవకాయ జాడీలా చూస్తాం. మూత బిగించి ఉంది కదా, అందులో మందు ఉంది కదా, చెడదులే అని. కానీ మామూలు లాగర్ బీరు (మనం ఎక్కువగా తాగే లేతరంగు రకం) ఆవకాయ జాతి కాదు, పాల ప్యాకెట్ జాతి. పాలలా విరగదు, తాగితే జబ్బు చేయదు. అందుకే చెడిన సంగతి మనకు తెలియదు. తెలియక కంపెనీని తిడతాం.

ఈ ‘ఇంటి బీరు’ బెంగ కొత్తదేమీ కాదు. మన దేశంలో దాన్ని మొదట పడ్డవాళ్లు తెల్లవాళ్లే. 18వ శతాబ్దం చివర్లో లండన్ తూర్పున బో అనే చోట జార్జ్ హాడ్జ్‌సన్‌కు బ్రూవరీ ఉండేది. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే రేవులు దానికి దగ్గర. ఓడ కెప్టెన్లు సొంత వ్యాపారానికని అతని దగ్గర పీపాలు అప్పు మీద ఎక్కించుకుని కలకత్తాలో, మద్రాసులో అమ్ముకునేవారు. నాలుగైదు నెలల ప్రయాణం. ఆఫ్రికా చుట్టూ తిరిగి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి రావాలి. తర్వాత హాడ్జ్‌సన్ వారసులు ధరలు పెంచి, కెప్టెన్లను పక్కకు నెట్టే ప్రయత్నం చేశారు. దాంతో 1822లో కంపెనీ డైరెక్టరు ఒకాయన బర్టన్ ఊళ్లోని శామ్యూల్ ఆల్సప్‌ను పట్టుకుని అలాంటి బీరే చేయమన్నాడు. బర్టన్ నీళ్లలో జిప్సం ఎక్కువ, అది హాప్స్ (బీరులో చేదుకు, వాసనకు వేసే పూలు) చేదుకు పదును పెడుతుంది. అలా వచ్చిందే ఇండియా పేల్ ఏల్, మీరు పబ్బులో ఐపీఏ అని పిలిచేది.

దీని మీద ఒక కథ ప్రచారంలో ఉంది: ప్రయాణానికి తట్టుకోవాలని ఆల్కహాలు బాగా పెంచి ఈ బీరును కనిపెట్టారని. అది నిజం కాదు. ఆ రోజుల్లో ఇంగ్లండులో తాగే బీర్లతో పోలిస్తే దాని ఆల్కహాలు ఎక్కువేమీ కాదు. హాప్స్ మాత్రం దండిగా వేసేవారు. హాప్స్ చేదు పదార్థాలు లాక్టిక్ బ్యాక్టీరియాను ఎదగనివ్వవు, అందుకే పులిసిపోదు. పైగా నల్లటి పోర్టర్ బీరు కూడా అవే ఓడల్లో సుబ్బరంగా వచ్చేది. మామూలు సిపాయిలు తాగింది అదే. పేల్ ఏల్ దొరల తాగుడు.

ఆ ఓడల బీరుకూ ఇప్పుడు షాపులో దొరికే విదేశీ లాగర్‌కూ పెద్ద తేడా ఉంది. అప్పటిది పీపాలో బతికున్న ఈస్టుతో వచ్చేది. ఆ ఈస్ట్ దారిలో లోపలి ఆక్సిజన్‌ను తినేసేది, నెలల తరబడి మాగేది. ఇప్పటి లాగర్‌ను వడకట్టి, 60 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు పాశ్చరైజ్ చేసి మూత వేస్తారు. ఈస్ట్ లేదు, కాపలాదారుడు లేడు. సీసాలో మిగిలిన కాస్త ఆక్సిజన్ మెల్లగా పని మొదలుపెడుతుంది. కొన్ని నెలలకు ట్రాన్స్-2-నోనెనాల్ అనే పదార్థం పైకి తేలుతుంది. పేరు మర్చిపోండి, వాసన గుర్తుపెట్టుకోండి: వానకు తడిసిన అట్టపెట్టె. హాప్స్ పరిమళం తగ్గిపోయి, ఆ చోట తేనెపాకం లాంటి మొద్దు తీపి వస్తుంది. ‘ఈ బీరు చప్పగా ఉందేంట్రా’ అన్నామంటే చాలాసార్లు దీని గురించే.

ఇది ఎంత వేగంగా జరుగుతుందో చెప్పడానికి బ్రూవరీవాళ్ల దగ్గర ఒక బండగుర్తు ఉంది. 3, 30, 300. సుమారు 32 డిగ్రీల వేడిలో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల చలిలో 300 రోజులు: మూడు చోట్లా బీరు ఇంచుమించు ఒకే మాదిరి ముసలిదవుతుంది. తూకం వేసినంత కచ్చితం కాదు గానీ, పనికొచ్చే లెక్క.

దీన్ని మన ఊరికి అన్వయించి చూడండి. డిసెంబరులో బెంగళూరు గది 22 డిగ్రీలు ఉంటుంది. అట్టపెట్టెలో పెట్టిన బీరు నెల రోజులు బాగానే కాలక్షేపం చేస్తుంది. ఏప్రిల్‌లో పై అంతస్తు ఫ్లాటు, రేకు వేసిన బాల్కనీ, అందులో 34 డిగ్రీలు. వారాంతానికి కొన్న కేసు మరుసటి వారాంతానికే నెలల వయసు మీద వేసుకుంటుంది. ఇక కారు డిక్కీ సంగతి చెప్పక్కర్లేదు. ఎండలో నిలబెట్టిన కారు లోపల 50 డిగ్రీలు సులభంగా దాటుతుంది. విదేశీ బీరు అయితే ఐరోపా నుంచి నెల అటూఇటూ సముద్రంలో, చల్లదనం లేని మామూలు కంటైనర్‌లో వస్తుంది. చెన్నై రేవులో ఎండ, తర్వాత గోదాము, తర్వాత లారీ, తర్వాత షాపు అటక. మ్యూనిక్‌లో మీరు తాగింది బ్రూవరీ నుంచి వారం తిరక్కుండా వచ్చిన బీరు. ఇక్కడ తాగుతున్నది దాని తాతను. (నవ్వులు)

వెలుతురు సంగతి ఇంకా గమ్మత్తు. హాప్స్ చేదు పదార్థం మీద నీలి కాంతి పడితే, బీరులో సహజంగా ఉండే రైబోఫ్లేవిన్, అంటే బీ2 విటమిన్, మధ్యవర్తిగా పనిచేసి గంధకపు వాసన పుట్టిస్తుంది. కాలిన రబ్బరుకూ మురిగిన వెల్లుల్లికీ మధ్య రకం. లీటరుకు గ్రాములో కోట్ల వంతు ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. గోధుమరంగు సీసా ఈ కాంతిని బాగా ఆపుతుంది. ఆకుపచ్చ సీసా పెద్దగా ఆపదు, తెల్ల సీసా అసలు ఆపదు. ఎండలో ఆకుపచ్చ సీసాకు కొన్ని నిమిషాలు చాలు. షాపు గాజు అల్మారాలో ట్యూబులైటు కింద రోజులు చాలు. అందుకే కౌంటరు దగ్గర ముందు వరుసలో మెరుస్తున్న సీసా తీసుకోవద్దు. ‘లోపలి పెట్టెలోంచి ఇవ్వన్నా’ అనండి. క్యాన్ దొరికితే గోలే లేదు. క్యాన్‌లోకి వెలుతురు పోదు, అంచుల నుంచి గాలీ దూరదు. ‘క్యాన్ బీరు రేకు వాసన’ అనేది నోటికి తగిలే అంచు వల్ల. గ్లాసులో పోసుకుంటే పోతుంది.

లేబుల్ చదవడం నేర్చుకోండి. ధర తర్వాత చూడొచ్చు. మన దేశపు లాగర్ల మీద తయారీ తేదీ ఉంటుంది, సాధారణంగా అక్కడి నుంచి ఆరు నెలలు గడువు ఇస్తారు. గడువు లోపలున్నదంతా ఒక్కటే అనుకోవద్దు. రెండు నెలల లోపుదానికీ ఐదో నెలదానికీ గ్లాసులో తేడా తెలుస్తుంది. ఐరోపా సీసాల మీద చాలావరకు తయారీ తేదీ ఉండదు, ‘ఇంతలోగా తాగితే మేలు’ అనే తేదీ ఉంటుంది. మామూలు లాగర్లకు తొమ్మిది నెలల నుంచి ఏడాది గడువు ఇస్తారు కాబట్టి వెనక్కి లెక్కేసుకోండి. మూడు నెలల్లో గడువు ముగిసేది ఎంత తగ్గింపు ధరకిచ్చినా నాకు వద్దు. అమెరికా క్యాన్ అయితే నెల ముందు, తేదీ తర్వాత. 04-09 అంటే ఏప్రిల్ 9. సెప్టెంబరు 4 అనుకుని మోసపోయేవాళ్లు ఉన్నారు.

హైదరాబాదు కేఎఫ్, బెంగళూరు కేఎఫ్ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. ఒక్కో రాష్ట్రానికి వేరే లేబులు, వేరే పన్ను, ‘ఈ రాష్ట్రంలో అమ్మకానికి మాత్రమే’ అన్న ముద్ర. కాబట్టి పెద్ద కంపెనీలు రాష్ట్రానికో బ్రూవరీ పెట్టుకుంటాయి. కింగ్‌ఫిషర్ చేసే యునైటెడ్ బ్రూవరీస్‌కు బెంగళూరు పక్కన నెలమంగలలో ఉంది, సంగారెడ్డి జిల్లాలో ఉంది, శ్రీకాకుళం జిల్లాలోనూ ఉంది. పెద్ద బ్రూవరీలు నీళ్లను శుద్ధిచేసి, కావలసిన లవణాలు తామే కలుపుకుంటాయి కాబట్టి మంజీరా, కావేరి అని వాదించుకోవడం అనవసరం. కర్ణాటకలో సరుకంతా రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ డిపోల మీదుగా షాపుకు వెళ్తుంది. ఎంతకాలం ఎక్కడ ఆగింది అన్నదే రుచిని తేలుస్తుంది. కిటుకు ఒక్కటే: రద్దీ షాపులో, బాగా అమ్ముడయ్యే బ్రాండే కొనండి. అక్కడ సరుకు నిలవ ఉండదు.

మరి విదేశీ సీసా అసలు కొనకూడదా? కొనొచ్చు, జాతి చూసి కొనాలి. ఇందాక పాలు, ఆవకాయ అన్నాను కదా. కొన్ని బీర్లు నిజంగానే ఆవకాయ జాతి. బెల్జియం ట్రాపిస్ట్ మఠాల బీర్లు, షిమే, వెస్ట్‌మాల్, ఓర్వాల్ లాంటివి, సీసాలోనే మళ్లీ పులుస్తాయి, అడుగున ఈస్ట్ ఉంటుంది. ఆల్కహాలు ఎక్కువున్న ముదురు రంగువైతే ఏడాది పాతబడినా ఎండుద్రాక్ష, ఖర్జూరం రుచులు తెచ్చుకుంటాయి. గిన్నిస్ ఫారిన్ ఎక్స్‌ట్రా స్టౌట్ (పోర్టర్ లాంటి నల్లటి బీరు) 7.5 శాతం. దాని మూలం 1801 నాటి వెస్టిండియా పోర్టర్, ఎగుమతి కోసమే చేసింది. శ్రీలంక లయన్ స్టౌట్ కూడా ఈ కోవదే, పైగా పక్కనుంచే వస్తుంది. ఇవి ప్రయాణానికి తట్టుకుంటాయి. తట్టుకోనివి: హెలెస్, పిల్స్‌నర్ లాంటి లేత లాగర్లు, గోధుమ బీరు, హాప్స్ వాసన కోసం తాగే కొత్తరకం ఐపీఏలు. ఐపీఏ అనగానే ఓడ ప్రయాణం గుర్తొచ్చి నిలవుంటుందనుకుంటారు. ఇప్పటి ఐపీఏలో చేదు మిగులుతుంది గానీ మామిడి, నారింజ లాంటి పరిమళం మూడు నెలలకే ఎగిరిపోతుంది.

ఆ పాల జాతి బీర్ల కోసం ఏం చేయాలి? బెంగళూరులో ఉన్నాం కాబట్టి మనకో వరం ఉంది. బ్రూపబ్బులు, అంటే అక్కడే బీరు చేసి పోసే పబ్బులు. టాయిట్, ఆర్బర్, విండ్‌మిల్స్ లాంటి చోట్ల ట్యాంకుకూ మీ టేబులుకూ మధ్య దూరం పదీ ఇరవై మీటర్లు. మ్యూనిక్ గోధుమ బీరు బెంగపెట్టుకున్నవాళ్లకు నా సలహా, అక్కడి బ్రాండు సీసా వెతకడం మానేసి ఇక్కడి తాజా హెఫెవైజెన్ (జర్మన్ గోధుమ బీరు) పట్టుకోండి. జర్మనీ నియమం ప్రకారం అందులో కనీసం సగం గోధుమ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజ) ఉండాలి. రుచినిచ్చేది మాత్రం ఈస్టే. అది అమృతపాణి పండు వాసననూ, లవంగం వాసననూ రెండూ పుట్టిస్తుంది. పులిసే వేడి పెరిగితే అరటిపండు పెరుగుతుంది. మాష్‌ను, అంటే వేడినీళ్లలో కలిపిన మాల్ట్‌ను, మొదట 45 డిగ్రీల దగ్గర కాసేపు ఆపితే లవంగం పెరుగుతుంది. పబ్బులో ‘మీ వైజెన్‌లో అరటి ఎక్కువా, లవంగం ఎక్కువా’ అని అడిగి చూడండి. తెలిసినవాడైతే మొహం వెలిగిపోతుంది. బెల్జియం గోధుమ బీరు విట్ వేరే సంగతి. అందులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు, గోధుమను మొలకెత్తించకుండా వాడతారు. చాలామంది రెండింటినీ ఒక్కటే అనుకుని ఒకదాని కోసం వెళ్లి ఇంకొకటి తాగి వస్తారు.

బ్రూపబ్బు అనగానే గుడ్డిగా నమ్మమనడం లేదు. పెద్ద గ్లాసు చెప్పే ముందు చిన్న శాంపిల్ అడగండి, మొహమాటం వద్దు. మొదట వాసన చూడండి. కరిగిన వెన్న, సినిమా హాలు పాప్‌కార్న్ వాసన వస్తే డయాసిటైల్. పులియడం పూర్తయ్యాక రెండు మూడు రోజులు ఈస్ట్ మీద ఉంచకుండా తొందరపడి చల్లబరిచారన్నమాట. ఉడికిన మొక్కజొన్న కంకి వాసన అయితే వోర్ట్‌ను (పులియబెట్టే ముందు మాల్ట్ నుంచి తీసిన తీపి రసం) గట్టిగా మరిగించలేదు. పచ్చి ఆపిల్ తొక్క వాసన అయితే బీరు ఇంకా పచ్చిది. వెన్న వాసనతో పాటు పులుపు కూడా ఉంటే తప్పు బీరుది కాకపోవచ్చు, గొట్టాలది. బీరు వచ్చే గొట్టాలను 14 రోజులకోసారి కాస్టిక్ ద్రావణంతో కడగాలి. కడగకపోతే లోపల జిగురు పొర కడుతుంది. అందుకే నెమ్మదిగా అమ్ముడయ్యే ట్యాప్ కంటే అందరూ తాగే ట్యాప్ మంచిది.

నురగ గురించి ఒక్క మాట. మన ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం తక్కువ, నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. పీడనం మీటరు మీద అదే అంకె పెట్టినా కెగ్‌లో (బీరు నింపే లోహపు పీపా) గ్యాసు నిలిచే మోతాదు తగ్గుతుంది. ప్రతి 2000 అడుగులకూ ఒక పీఎస్ఐ (పీడనం కొలత) కలపాలని లెక్క, అంటే మనకు సుమారు ఒకటిన్నర. ఇంట్లో పార్టీకి కెగ్ తెప్పించి, చెన్నైలో పనిచేసిన అంకెలు ఇక్కడ పెడితే బీరులో గ్యాసు కాస్త తగ్గుతుంది. పోసేటప్పుడు నురగే నురగ వస్తోందంటే మాత్రం పీడనం తగ్గించకండి. ముందు బీరు చల్లగా ఉందో లేదో చూడండి. చాలాసార్లు గొట్టం వేడెక్కడమే కారణం. పీడనం తగ్గిస్తే ఇంకా నురగొస్తుంది.

ఇక ఇంట్లో. పుట్టింటి బీరును చంపేది తరచుగా మన గ్లాసే. మన సింకులో కూర గిన్నె, ఆమ్లెట్ పెనం, బీరు గ్లాసు ఒకే పీచుతో తోముతాం. గ్లాసుకు కంటికి కనపడని నూనె పొర అంటుకుంటుంది. నూనె తగిలితే నురగ నిలవదు. పైగా గుడ్డు నీచు వాసన. విడిగా ఒక పీచు పెట్టుకోండి, సబ్బు కొంచెమే వాడండి, ఎక్కువ నీళ్లతో కడగండి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి. శుభ్రమైందో లేదో తెలియాలంటే గ్లాసును నీళ్లలో ముంచి తీయండి. నీళ్లు పలచటి తెరలా జారితే శుభ్రం. చుక్కలు చుక్కలుగా నిలిస్తే జిడ్డు ఉన్నట్టే. ఫ్రీజర్‌లో పెట్టి మంచు పట్టించిన మగ్గు చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ మంచు బీరును పలచన చేస్తుంది, ఫ్రీజర్‌లోని చేపల వాసన కూడా తెస్తుంది.

చల్లదనం విషయంలో మనవాళ్లది ఒకటే సూత్రం: పళ్లు జివ్వుమనాలి. లాగర్‌కు 4 నుంచి 7 డిగ్రీలు సరే. గోధుమ బీరుకు 7 నుంచి 10, పేల్ ఏల్‌కు 8 నుంచి 12, స్టౌట్‌కు 10 దాటినా తప్పులేదు. ఫ్రిజ్జు తలుపు అర మిగతా భాగం కంటే వెచ్చగా ఉంటుంది, తీసినప్పుడల్లా వేడిగాలి తగులుతుంది. తాగడానికి ముందు అక్కడ పెట్టుకోవచ్చు, నిలవకు మాత్రం లోపలి అర. సీసాను నిలబెట్టే పెట్టండి, పడుకోబెడితే గాలి తగిలే ఉపరితలం పెరుగుతుంది. ‘ఒకసారి చల్లబరిచి బయట పెడితే మళ్లీ పనికిరాదు’ అనేది అపోహ. వెచ్చగా ఎన్ని గంటలు ఉందన్నదే లెక్క, ఎన్నిసార్లు మారిందన్నది కాదు. అత్యవసరమైతే ఫ్రీజర్ జోలికి పోకండి. బకెట్టులో సగం మంచుముక్కలు, సగం నీళ్లు, రెండు గుప్పిళ్లు కల్లుప్పు. నీళ్లు తప్పనిసరి, ఉత్త మంచుముక్కలు సీసాకు సరిగా ఆనవు. పింట్ సీసా 15 నిమిషాల్లో, పెద్ద సీసా 25 నిమిషాల్లో తయారు.

పోయడంలో: గ్లాసు వాల్చి మొదలుపెట్టి, సగం నిండాక నిలబెట్టండి, రెండు వేళ్ల నురగ రానివ్వండి. ఆ నురగతో కొంత గ్యాసు ఇక్కడే పోతుంది, లేకపోతే అది మీ పొట్టలోకి పోతుంది. గోధుమ బీరు సీసా అయితే చివరి గుక్కెడు సీసాలోనే గుండ్రంగా తిప్పి, అడుగున ఉన్న ఈస్టుతో సహా పోయాలి. ఇంగ్లిష్ సీసా ఏల్ అయితే సరిగ్గా తిరగేసి: అడుగు సీసాలోనే వదిలేయాలి.

లండన్ పబ్బు చేతిపంపు బిట్టర్ (అక్కడి పేల్ ఏల్) కోసం బెంగపడేవాళ్లకు ఒక చిట్కా. అది 11 నుంచి 13 డిగ్రీల్లో ఉంటుంది, గ్యాసు మన లాగర్‌లో దాదాపు సగమే. బతికున్న ఈస్టుతో ఉన్న పీపా, తెరిస్తే మూడు నాలుగు రోజులే, కాబట్టి దేశం దాటి రాదు. ఇక్కడ మంచి పేల్ ఏల్ తెచ్చి, గ్లాసులో పోసి పావుగంట బయట పెట్టండి. తర్వాత చాయ్ మాస్టరు టీ తిరగబోసినట్టు రెండు గ్లాసుల మధ్య రెండుసార్లు, మరీ ఎత్తునుంచి కాకుండా, తిరగబోయండి. గ్యాసు తగ్గుతుంది, మాల్ట్ రుచి బయటికొస్తుంది. అరగంటలో తాగేయాలి. చూసినవాళ్లు నవ్వుతారు, పర్వాలేదు.

ఇప్పుడు తమ్ముడి సంగతి. మన బీరు పట్టుకెళ్లడం, అక్కడిది పట్టుకురావడం. విమానాల నియమంలో 24 శాతం లోపు ఆల్కహాలున్న పానీయాలకు చెక్-ఇన్ సామానులో ప్రమాద వస్తువుల పరిమితి లేదు. అడ్డుపడేవి బరువు, కస్టమ్స్. చేతి సంచిలో చాలా విమానాశ్రయాల్లో 100 మిల్లీలీటర్ల నియమం కాబట్టి కుదరదు. మన దేశంలోకి వచ్చేటప్పుడు సుంకం లేకుండా తలకు 2 లీటర్ల మద్యం, బీరు కూడా అందులోకే వస్తుంది. 330 మిల్లీలీటర్ల సీసాలు ఆరు అంటే 1.98 లీటర్లు. జర్మన్ అరలీటరువి నాలుగు. అలాగని విస్కీ సీసా తెస్తూ దీన్ని వేరే లెక్క అనుకోవద్దు. అటువైపు చూస్తే బ్రిటన్ 42 లీటర్ల బీరు అనుమతిస్తుంది, యూరోపియన్ యూనియన్ 16 లీటర్లు. అమెరికాలో 21 ఏళ్లు నిండినవాళ్లకు సుంకం లేనిది ఒక లీటరే. సౌదీ, కువైట్ వెళ్లేవాళ్లు ఒక్క క్యాన్ కూడా వద్దు. అక్కడ అది సుంకం ప్రశ్న కాదు, నేరం. ఎక్కే ముందు ఆయా దేశపు కస్టమ్స్ పేజీ ఒకసారి చూసుకోండి.

సామాను కింద అరలో గాలి లేక సీసాలు పేలతాయని భయపడతారు. ఆ అరలోనూ పీడనం ఉంచుతారు, ప్రయాణికుల దగ్గర ఉన్నట్టే. పగిలేది సీసాకు సీసా తగిలి. ఒక్కొక్కదాన్నీ విడిగా ప్లాస్టిక్ కవరులో కట్టి, లుంగీలోనో తువ్వాలులోనో చుట్టి, పెట్టె మధ్యలో, అంచుకు అరచేయంత ఎడంగా పెట్టండి. పెద్ద సీసా గాజుతో కలిపి కిలో పైనే తూగుతుంది. అదే బీరు క్యాన్ అయితే దాదాపు బీరంత బరువే. ఇల్లు చేరాక వెంటనే తెరవకండి, ఒక రోజు ఫ్రిజ్జులో నిలబెట్టాక తెరవండి.

అసలు తమ్ముడికి పట్టుకెళ్లాలా? బ్రిటన్‌లో ఉన్నవాళ్లు అక్కడి భారతీయ బీరు లేబుల్ వెనక్కి తిప్పి చూడండి. కోబ్రా బీరు 1990 ప్రాంతంలో మన బెంగళూరులోనే తయారై ఓడలో వెళ్లేది. ఇప్పుడు బర్టన్‌లో తయారవుతుంది. ఆల్సప్ ఐపీఏ చేసిన ఊరే. అక్కడి నుంచి మనకొచ్చేది, ఇప్పుడు మన పేరుతో అక్కడే పుడుతోంది. కింగ్‌ఫిషర్ కూడా బ్రిటన్‌లో ఆ దేశంలోనే తయారైంది తాగుతున్నారు. అక్కడివాళ్లకు నచ్చే మోతాదులో, ఐదు శాతం లోపే ఉంటుంది. తమ్ముడు తలుచుకునేది స్ట్రాంగ్ కాబట్టి అది వేరేగా అనిపించడంలో వింత లేదు.

స్ట్రాంగ్ మాట వచ్చింది కాబట్టి లెక్క చెప్తాను. మన నియమాల్లో 5 శాతం వరకు మామూలు బీరు, ఆపైన 8 వరకు స్ట్రాంగ్. 650 మిల్లీలీటర్ల సీసా, 8 శాతం అయితే అందులో శుద్ధ ఆల్కహాలు 52 మిల్లీలీటర్లు. 42.8 శాతం విస్కీ 30 మిల్లీలీటర్ల పెగ్గులో 12.84. అంటే ఒక్క స్ట్రాంగ్ బీరు నాలుగు చిన్న పెగ్గులు. ‘బీరే కదా’ అని బండి తీసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. చట్టం ఒప్పుకునేది 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములే.

ఇక ప్రశ్నలు. ముందు వరుసలో చెయ్యి లేచింది, చెప్పండి... మన బీరులో గ్లిజరిన్ కలుపుతారనీ, సీసాను నీళ్ల గ్లాసులో తలకిందులు చేస్తే అది దిగిపోతుందనీ విన్నారట. ఇది విదేశీయులు కూడా ఒకరికొకరు చెప్పుకునే మాట. సీసా తిరగేస్తే నీళ్లలో జిగురులాంటి చారలు దిగడం నిజమే. పులియకుండా మిగిలిన చక్కెరల వల్ల బీరు నీళ్లకంటే కొంచెం బరువు, అందుకని అది కిందికి జారుతుంది, దాని చోట నీళ్లు పైకి పోతాయి. మీరు చూసింది బీరునే. ఆ పని చేస్తే నీళ్లు కలిసిన, గ్యాసు పోయిన బీరు మిగులుతుంది. ‘తలనొప్పి తగ్గింది’ అంటే పలచనైంది కాబట్టి.

ఆ అమ్మగారు అడిగింది: ఇంట్లోనే జర్మన్ బీరు చేసుకోవచ్చా? అమెరికాలో ఉన్నవాళ్లు చేసుకోవచ్చు, అక్కడ పెద్దవాళ్లొకరికి ఏడాదికి 100 గాలన్ల వరకు సమాఖ్య చట్టం ఒప్పుకుంటుంది. కర్ణాటకలో 1965 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా మద్యం తయారీ నేరం, కొద్దిగానైనా సరే. ఆ పెట్టెలు, ఈస్ట్ ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కదా అంటే, దొరకడం వేరు, చేయడం వేరు.

నంజుకోవడానికి ఏది అని ఎవరో... పల్లీలకు ఏ బీరైనా సరే. మిర్చి బజ్జీకి మాత్రం ఐపీఏ వద్దు. చేదు, గ్యాసు రెండూ కలిసి కారాన్ని ఇంకా రేపుతాయి. ఆ కొద్ది ఆల్కహాలుకు కారం కరగదు. గోధుమ బీరో, కాస్త తీపి మాల్ట్ ఉన్న యాంబరో తీసుకోండి.

చివరి ప్రశ్న. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోయిన సీసా. ఐదు శాతం బీరు మైనస్ 2, 3 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, గడ్డకడితే ఉబ్బుతుంది. దాన్ని ఉత్త చేత్తో తీయొద్దు, వేణ్నీళ్లు పోయొద్దు. గుడ్డతో పట్టుకుని ఒక గిన్నెలో నిలబెట్టి, ఫ్రిజ్జు కింది అరలో ఒక రోజు ఉంచండి. సీసా నిక్షేపంగా ఉంటే, బీరులో తెల్లటి పొరలు తేలతాయి, అది ప్రొటీనే, హాని లేదు గానీ రుచి పోయింది. బజ్జీల పిండిలో నీళ్ల బదులు కలుపుకోండి, మిగిలిన గ్యాసుకు వంటసోడా కూడా అక్కర్లేదు. సన్నటి పగులు కనపడినా సరే, వడకట్టి వాడుకుందామన్న ఆశ వద్దు. దట్టంగా పేపర్లో చుట్టి, పైన ‘గాజు’ అని రాసి, పొడి చెత్తతో కలపకుండా విడిగా ఇవ్వండి.